ఆయన ఎప్పుడు పోయారన్నది కాదు, ఆమె ఎప్పుడు పోయిందన్నది ముఖ్యం

ప్రశ్న: మా ముత్తాత తమ్ముడు 1918 నాటి విషజ్వరంలో ఇరవై నాలుగేళ్లకే చనిపోయారు. పిల్లలు లేరు. తూర్పు గోదావరి జిల్లాలోని మా ఊళ్లో అన్నదమ్ముల పంపకంలో ఆయనకు వచ్చిన మూడెకరాలను భార్య 1931లో రిజిస్టరు దస్తావేజు రాసి అమ్మేసిందట. కొన్నవారి వారసులే సాగు చేస్తున్నారు. పాత సెటిల్‌మెంట్ రిజిస్టరులో మాత్రం ఆయన పేరే ఉంది. అంత చిన్న వయసులో పోయిన మనిషిని తలచుకునే దిక్కు లేదని మా తాత కంటతడి పెట్టేవారు. పాత తేదీతో మరణ ధ్రువపత్రం ఇప్పిస్తామని తెలిసినవారు అంటున్నారు. దానితో పొలం తిరిగి వస్తుందా?

జవాబు: రాదు. పంపకం జరిగిందని మీరే రాశారు కనుక ఆ వాటా అన్నగారికి పోలేదు, భార్యకు వచ్చింది. అయితే అప్పటి హిందూ ధర్మశాస్త్రం ప్రకారం ఆమెది జీవితకాలపు పరిమిత హక్కు. అప్పు తీర్చడం వంటి తప్పనిసరి అవసరం లేకుండా అమ్మితే ఆ అమ్మకం ఆమె బతికున్నంత వరకే నిలుస్తుంది. తర్వాత భర్త తరఫు వారసులు, అంటే మీ శాఖవారు, పొలం అడగవచ్చు. 1956 హిందూ వారసత్వ చట్టం ఆమె హక్కును సంపూర్ణం చేసిందనడానికీ లేదు, ఎందుకంటే అప్పటికే పొలం ఆమె చేతిలో లేదు.

ఇంతవరకు మీకు అనుకూలమే. కానీ అడగడానికి గడువు ఆమె మరణించిన నాటినుంచి 12 ఏళ్లు. పునర్వివాహం చేసుకుని ఉంటే, అప్పట్లో అమల్లో ఉన్న 1856 హిందూ వితంతు పునర్వివాహ చట్టం ప్రకారం ఆ రోజే ఆమె హక్కు పోయి ఉంటుంది, గడువు లెక్క ఇంకా ముందే మొదలై ఉంటుంది. ఆయన గురించి ఇంత రాసిన మీరు ఆమె పేరైనా రాయలేదు. కేసంతా ఆమె మరణ తేదీ మీద నడిచేటప్పుడు ఇది చిన్న నిర్లక్ష్యం కాదు. 1918లో ఆమెకు పదహారేళ్లే అనుకున్నా, ఈ రోజుకు గడువు మిగలాలంటే నూట పదేళ్లు దాటి బతికి ఉండాలి. గడువు దాటితే దావా ఒక్కటే కాదు, కాలపరిమితి చట్టం 27వ సెక్షను కింద హక్కే అంతరిస్తుంది. సెటిల్‌మెంట్ రిజిస్టరు శిస్తు వసూలు కోసం రాసుకున్న పుస్తకం. అందులో పేరున్నంత మాత్రాన పొలం మీది కాదు.

ఆ ధ్రువపత్రం జోలికి వెళ్లకండి. ఏడాది దాటిన మరణాన్ని ఇప్పుడు నమోదు చేయాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. దొంగచాటుగా పుట్టించిన కాగితం కోర్టులో పెట్టారా, ఫోర్జరీ కేసులో ముద్దాయి మీరే అవుతారు, ఇప్పించినవారు కనిపించరు. ముప్పై ఏళ్లు దాటిన దస్తావేజును అసలైనదేనని భావించే మన్నన చట్టంలో ఉంది, కానీ నిన్న రాసిన పాత తేదీకి అది దక్కదు.

ఆయన ఎవరో తెలుసుకోవాలనే కోరిక నిజమైతే 1931 దస్తావేజు నకలు తెప్పించండి. స్థిరాస్తి దస్తావేజులను నకలు రాసి ఉంచే ఒకటో పుస్తకాన్ని (బుక్ 1) చూసి నకలు తీసుకునే హక్కు రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను కింద ఎవరికైనా ఉంది. కంప్యూటర్‌లో అంత పాతవి దొరకవు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఊరిపేరు, సంవత్సరం చెప్పి చేతిరాత ఇండెక్సులు వెతికించాలి. భర్త ఆస్తిని వితంతువు అమ్మిందంటే, కొనేవాడు తన జాగ్రత్త కోసం వివరాలు రాయించుకుంటాడు: భర్త ఎప్పుడు కాలధర్మం చెందాడు, ఆయన చేసిన అప్పులేమిటి, అమ్మవలసిన అవసరం ఏమిటి. ఆమె పేరు కూడా అందులోనే దొరుకుతుంది.