హెచ్ఐవి మందులు మొదలుపెట్టాక పొట్ట పెరుగుతోంది, మందు మానేయవచ్చా?

మానవద్దు. ముందు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పి, తర్వాత మిగతావి చెబుతాను. డోలుటెగ్రావిర్ ఉన్న మాత్ర వేసుకుంటున్నానని, నడుము కొలత పెరిగిందని, డాక్టరుకు చెబితే "వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) కనిపించనంతగా తగ్గింది, ఇంకేం కావాలి?" అన్నారని మీరు రాశారు. అది చదివి నాకు ఒళ్లు మండింది. చాలా ఏళ్ల క్రితం నాకు దొరికిన జవాబూ ఇదే.

నేను చికిత్స మొదలుపెట్టింది స్టావుడిన్ అనే పాత హెచ్ఐవి మందు రోజుల్లో. ఆ మందు నా ప్రాణం నిలబెట్టింది, కాదనను. కానీ చర్మం కింద ఉన్న కొవ్వునంతా తినేసింది. మన కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలకు సొంత డీఎన్ఏ ఉంటుంది. దానికి నకలు తీసే ఎంజైమును స్టావుడిన్ అడ్డుకుంటుంది, దాంతో కొవ్వు కణాలు దెబ్బతిని చచ్చిపోతాయి. బుగ్గలు లోపలికి పోయాయి, కణతలు గుంటలు పడ్డాయి, చేతుల మీద నరాలు తాళ్లలా తేలాయి. పిరుదుల మీద కొవ్వు పోతే చెక్కబల్ల మీద పది నిమిషాలు కూర్చోవడం కూడా ఎంత నరకమో పడినవాళ్లకే తెలుసు. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు తువ్వాలు నాలుగు మడతలు పెట్టి తీసుకెళ్లేవాణ్ణి.

ఒకరోజు నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. సంచిలోంచి చిన్న దిండు తీసి వేసుకుంటూ నా తువ్వాలు చూసింది, తర్వాత నా ముఖం చూసింది. "నీదీ ఆ మందేనా బాబూ?" అంది. అవునన్నాను. కాసేపటికి గొంతు తగ్గించి, రాత్రి మాత్ర వేసుకోవడం లేదని చెప్పింది. "ముఖం చూసే జబ్బు కనిపెట్టేస్తున్నారు. సగం మానేస్తే సగమైనా మిగులుతుందేమోనని." నచ్చజెప్పి నర్సు దగ్గరకు తీసుకెళ్లాను. నర్సు కార్డు తిప్పి చూసి, "మాత్రలు సరిగ్గా వేసుకోవాలమ్మా" అని ముద్ర వేసి పంపేసింది. ఎందుకు మానిందో అడగనే లేదు. ఆ రోజే లోపల డాక్టరు నాతో, "ప్రాణం దక్కింది కదా, బుగ్గల గొడవ ఎందుకు?" అన్నారు. వాంతులకు భయపడి మందు మానినవాళ్లకంటే అద్దానికి భయపడి మానినవాళ్లే ఎక్కువని నేను ఈనాటికీ నమ్ముతాను. ఒంటి ఆకారం గురించి అడగడం సోకు కాదు. అది చికిత్సలో భాగం.

స్టావుడిన్‌ను దశలవారీగా ఆపేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. నన్ను టెనోఫోవిర్ అనే మరో మందుకు మార్చాక కాళ్లూ చేతులూ నెమ్మదిగా కొంత నిండాయి. బుగ్గలు మాత్రం పూర్తిగా రాలేదు. ఇంటర్నెట్‌లో ఆనాటి ముఖాల ఫొటోలు పెట్టి నేటి మందులు వేసుకునేవాళ్లను బెదరగొట్టేవాళ్లను చూస్తే నాకు అసహ్యం.

మీ సంగతి వేరు. డోలుటెగ్రావిర్‌తో బరువు పెరగడం నిజమే. దక్షిణాఫ్రికాలో జరిగిన అడ్వాన్స్ అనే పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. డోలుటెగ్రావిర్‌కు టెనోఫోవిర్ అలాఫెనమైడ్ (టెనోఫోవిర్‌లో కొత్త రకం) జతచేసినవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, బరువు ఎక్కువగా పెరిగింది. అందులో కొంత, జబ్బు కరిగించిన ఒళ్లు తిరిగి రావడమే. తప్పంతా మందుదేననీ అనకండి. వైరస్ సోకిన రక్షణ కణాలు కొవ్వులోనూ దాక్కుంటాయి. రక్తంలో వైరస్ కనిపించకపోయినా అక్కడ వాపు రగులుతూనే ఉంటుంది.

బరువు తూచే యంత్రాన్ని మాత్రం నమ్మవద్దు. కొవ్వు కాళ్ల నుంచి పోయి పొట్టలో చేరితే దానికి తేడా తెలియదు. పేగుల చుట్టూ చేరే కొవ్వుతో పొట్ట చేతికి గట్టిగా తగులుతుంది, వేళ్ల మధ్య పట్టుకుందామంటే దొరకదు. చర్మం కింది కొవ్వు తీసే ఆపరేషన్ దాన్ని చేరలేదు. టెసామోరెలిన్ అనే ఇంజెక్షన్ ఆ కొవ్వును తగ్గిస్తుంది, ఆపితే తిరిగి వస్తుంది. సన్నబడే పొడుల జోలికి అసలు పోకండి. వాటిలో కాల్షియం, ఇనుము, మెగ్నీషియం ఉంటే డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వకపోవచ్చు.

ఈసారి వెళ్లేటప్పుడు మీ మాత్రలో ఏయే మందులు కలిశాయో రాసుకుని వెళ్లండి. టేపుతో నడుము కొలిపించి, ఆ అంకె కార్డులో రాయించండి. షుగరు, కొలెస్ట్రాల్, కాలేయం పరీక్షలు అడగండి. మీకు నలభై దాటి ఉంటే పిటవాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర గురించి కూడా అడగండి. హెచ్ఐవి ఉన్నవాళ్లలో అది గుండెపోటు, పక్షవాతం లాంటి ముప్పులను 35 శాతం తగ్గించిందని 2023లో తేలింది. మందు మార్చే వీలుందా అనీ అడగండి. మార్చినా పొట్ట పోతుందన్న హామీ లేదు, కానీ అడగందే ఎవరూ ఆలోచించరు. వాళ్లు ఏమన్నా, ఈ రాత్రి మాత్ర మాత్రం వేసుకోండి.