తొందర ఎక్కడ, ఓపిక ఎక్కడ

చిరంజీవికి,

ఉత్తరం, కథ రెండూ అందాయి. కథ పూర్తయిన రాత్రే ఫేస్‌బుక్‌లో పెట్టేశాననీ, తెల్లారేసరికి బోలెడు లైకులు వచ్చాయనీ, అదే కథని పత్రిక మాత్రం తిప్పి పంపిందనీ రాశావు. "అందరూ ఇంత వేగంగా వెళ్తుంటే ఓపిగ్గా కూర్చుంటే వెనకబడిపోమా?" అని అడిగావు. నీకు ఓపిక లేదని నేననుకోవడం లేదు. మొదటి పేరాని మూడు వారాలు చెక్కానని నువ్వే రాశావు కదా! ఉన్న ఓపికంతా అక్కడ ఖర్చుపెట్టేసి, ముగింపు దగ్గరికి వచ్చేసరికి పరుగు అందుకున్నావు. కొత్తగా రాసేవాళ్ళలో చాలామంది చేసేది ఇదే. అందుకని ఎక్కడ తొందరపడొచ్చో, ఎక్కడ ఆగాలో కాస్త వివరంగా చెప్తాను.

చిత్తుప్రతి దగ్గర తొందరపడు. పదిహేను వందల మాటల కథ అయితే నాలుగైదు సార్లు కూర్చుని ముగించెయ్. ఒక్కసారికి మూడు, నాలుగు వందల మాటలు చాలు. వరసగా రోజూ కూర్చోవాలి, మధ్యలో వారం ఖాళీ వస్తే కథ గొంతు మారిపోతుంది. రాస్తున్నంతసేపూ వెనక్కి వెళ్ళి దిద్దకు. దిద్దితే రెండు నష్టాలు. మొదటి పేజీ నున్నగా తయారై, మిగతాది గరుగ్గా ఉండిపోతుంది, చదివేవాడికి ఆ అతుకు తెలిసిపోతుంది. ఇంకోటి, అంత కష్టపడి చెక్కిన పేరాని తర్వాత కొట్టెయ్యడానికి చెయ్యి రాదు. చాలా తొలి కథలు నిజానికి రెండో పేరాలోనో మూడో పేరాలోనో మొదలవుతాయి. పైనున్నది రచయిత కథలోకి దిగడానికి చేసుకున్న సన్నాహం. నీ కథలో తెల్లవారడం గురించిన నాలుగు వందల మాటలూ అలాంటివే.

రాస్తూ రాస్తూ ఏదైనా వివరం తెలియకపోతే, అంటే ఆ రైలు ఎన్ని గంటలకి, ఆ మందు పేరేమిటి లాంటివి, వెతకడానికి నెట్‌లోకి వెళ్ళకు. అక్కడ మూడు చుక్క గుర్తులు పెట్టి ముందుకి వెళ్ళు. కథ అయ్యాక ఆ గుర్తుల్ని వెతికి ఒకేసారి నింపుకోవచ్చు. రైలు వేళ కోసం వెళ్ళినవాడు అరగంట తర్వాత వేరే ఏదో చూస్తూ తేలతాడు, వాక్యం తెగిపోతుంది. ఏ రోజుకారోజు ఆపేటప్పుడు సన్నివేశం పూర్తయ్యేదాకా లాగకు. తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన చోట ఆపి, ఆ సంగతి ఒక ముక్కలో రాసిపెట్టుకో. మర్నాడు ఖాళీ పేజీ ముందు కూర్చోవాల్సిన పని ఉండదు.

ఫోన్లో రాస్తానన్నావు. రాయొచ్చు, తప్పేం లేదు. కానీ ఆ తెరమీద ఒకసారికి కనబడేది కథలో చిన్న ముక్క. నాలుగు వాక్యాల పేరా కూడా కొండంత కనబడుతుంది, భయపడి ముక్కలు చేస్తావు. అందుకే ఇప్పటి కథల్లో వాక్యానికో పేరా ఉంటోంది. అచ్చులోకి వచ్చేసరికి అవన్నీ విరిగిపోయినట్టు కనిపిస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే కీబోర్డు అయితే ల, ళలు, న, ణలు, ఒత్తులు తారుమారవుతాయి. పైగా అది చూపించే మాట అందరూ వాడే మాటే, నీకు కావలసింది కాదు. చిత్తుప్రతి ఫోన్లో రాసినా, దిద్దడం మాత్రం పెద్ద తెరమీదో కాగితం మీదో చెయ్యి.

ఇక ఆగాల్సిన చోటు. కథ పూర్తయిన రోజున దాన్ని ఎవరికీ చూపించకు, నువ్వూ చూడకు. చిన్న కథకి కనీసం రెండు వారాలు, నవలకి నెలన్నర. ఇది చాదస్తం కాదు, కారణం ఉంది. అప్పుడే రాసినదాన్ని చదివితే మనం కాగితం మీది మాటల్ని చదవం, మన మనసులో ఉన్నదాన్ని చదువుకుంటాం. పాత్ర ఎందుకు కోపపడిందో మనకి తెలుసు కాబట్టి, ఆ కారణం కథలో రాయకపోయినా రాసినట్టే అనిపిస్తుంది. ఆ జ్ఞాపకం పలచబడాలి. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త అర్థం లేని అక్షరాల గుంపుల్ని బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో తనమీదే పరీక్ష చేసుకుని ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లో జోరుగా సాగి, తర్వాత నెమ్మదిస్తుందని తేలింది. కథ అర్థం లేని అక్షరాల గుంపు కాదు, నువ్వే అల్లుకున్నది. అంత సులభంగా వదలదు, ఒక్క రాత్రి నిద్ర దానికి చాలదు.

ఆ రెండు వారాలూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోమని కాదు. వేరే కథ మొదలుపెట్టు. లేదా నీకు నచ్చిన కథ ఒకటి తీసుకుని మూడుసార్లు చదువు. మొదటిసారి కథ కోసం, రెండోసారి ఏ విషయం ఎన్నో పేజీలో బయటపెట్టాడో గుర్తు పెట్టుకుంటూ, మూడోసారి ఒక పేజీ చేత్తో ఎత్తి రాస్తూ. చెయ్యి నెమ్మదిగా కదులుతుంది కాబట్టి కంటికి దొరకనివి దొరుకుతాయి: పొడుగు వాక్యం పక్కన పొట్టి వాక్యం ఎక్కడ వేశాడు, సంభాషణ ఎక్కడ ఆపేశాడు. ఫోను ఇంకో గదిలో పెట్టి నలభై నిమిషాలు కూర్చుంటే ఒక పేజీ తీరిగ్గా అవుతుంది.

మళ్ళీ నీ కథ తీసినప్పుడు అక్షరాల రూపం మార్చి, వరసల మధ్య ఖాళీ వదిలి కాగితం మీద అచ్చు తీసుకో. మొదటిసారి ఏకబిగిన చదువు, ఏమీ దిద్దకు. మనసు పక్కకి పోయిన చోట పక్కన ఒక గీత, అర్థం కాని చోట ప్రశ్నగుర్తు, ఇది నిజం కాదనిపించిన చోట సున్నా. అంతే.

తర్వాత మూడు విడతలుగా దిద్దాలి, ఒకేసారి అన్నీ కాదు. మొదట ఎముకలు చూడు. ఒక్కో సన్నివేశానికి ఒక్కో వాక్యం రాసుకో: ఇక్కడ ఎవరికి ఏం కావాలి, చివరికి ఏం మారింది. ఏమీ మారని సన్నివేశం ఎంత బాగున్నా తియ్యాల్సిందే. పక్కనే ఆ సన్నివేశంలో ఎన్ని మాటలున్నాయో కూడా వేసుకో. నీ కథకి ఇదే చేసి చూడు: ఉదయానికి నాలుగు వందలు, ఆ పెద్దాయన చావుకి ఎనభై. ఆ లెక్క చూస్తేనే తొందర ఎక్కడ పడ్డావో తెలిసిపోతుంది.

ముగింపు సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, తొందర బయటపడేది అక్కడే. రాసేవాడు అలిసిపోయినప్పుడు పాత్రల్ని చంపేస్తాడు. లేకపోతే అదంతా కల అంటాడు, లేదా మొండివాడి మనసు ఒక్క వాక్యంలో మార్చేస్తాడు. ఇంకా కుదరకపోతే ఎక్కడినుంచో ఒక ఉత్తరం తెప్పించి అందులో అన్నీ చెప్పిస్తాడు. చావుతో ముగించకూడదని నియమమేం లేదు. కానీ ఆ చావు మూడో పేజీలోనే మొదలై ఉండాలి. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే: ముగింపుని ఐదు రకాలుగా రాయి, ఒక్కోటి నాలుగు వాక్యాల్లో, ఒక్కోటి ఒక్కో రోజున. మొదటి రెండూ సాధారణంగా ఎక్కడో చదివినవో చూసినవో అయి ఉంటాయి. ముందుగా తోచేది అందరికీ తోచేదే. అడిగితే నిమిషంలో కథ రాసిచ్చే యంత్రాలు ఇప్పుడు వచ్చాయి, అవి ఇచ్చేదీ ఎక్కువగా ఆ మొదటి రకమే. మూడోది, నాలుగోది రాస్తున్నప్పుడు నీ పాత్ర నిజంగా ఏం చేస్తుందో ఆలోచించక తప్పదు.

రెండో విడత సంభాషణలకి. పైకి చదువు. పదిహేను వందల మాటలకి సుమారు పావుగంట పడుతుంది. నాలుక తట్టుకున్న చోటల్లా వాక్యంలో లోపం ఉన్నట్టే. మాట్లాడినవాళ్ళ పేర్లు చేత్తో మూసి, ఎవరి మాటో పోల్చుకోగలవేమో చూడు. అందరూ ఒకేలా మాట్లాడుతున్నారంటే అక్కడ మాట్లాడుతున్నది నువ్వే.

మూడో విడతలో మాటలు. "ఒక్కసారిగా", "ఎందుకో", "ఏదో తెలియని" అనేవి ఎన్నిసార్లు వచ్చాయో వెతుకు. "ఏదో తెలియని బాధ" అని రాశావంటే ఆ బాధేమిటో కనుక్కునే ఓపిక లేక వదిలేశావని అర్థం. "యొక్క", "చేయబడింది" కనబడితే వాక్యాన్ని తిరగరాయి. ఇంకో జబ్బు మన వాక్యంలో సులభంగా పడుతుంది: "లేచి, ముఖం కడుక్కుని, చొక్కా వేసుకుని, తలుపు తీసి, బయటికి వచ్చి, చుట్టూ చూసి నిట్టూర్చాడు." ఇన్ని పనుల్లో కథకి కావలసింది ఏది? నిట్టూర్పు ఒక్కటే అయితే మిగతావి పోనీ. మూడు దాటితే చదివేవాడు లెక్క వదిలేస్తాడు. ఈ విడత అయ్యేసరికి పదిహేను వందల కథ పదమూడు వందల యాభైకి దిగకపోతే, నీ మీద నువ్వు జాలిపడ్డావన్నమాట.

లైకుల గురించి అడిగావు కాబట్టి చెప్తున్నాను. అవి అబద్ధం కాదు, కానీ కథ పూర్తయిందనడానికి సాక్ష్యం కూడా కాదు. గురజాడ కన్యాశుల్కం 1892లో ప్రదర్శనకి ఎక్కింది, 1897లో అచ్చయింది. ఆ తర్వాత ఆయన దాన్ని దాదాపు కొత్త నాటకం అనదగ్గంతగా తిరగరాసి 1909లో మళ్ళీ వేశారు. చప్పట్లు విన్న నాటకాన్నే, అచ్చయిన పన్నెండేళ్ళకి మార్చి వేశారు. ఇవాళ మనం ఎక్కువగా చదువుకునేది ఆ రెండోదే.

ఎవరికి చూపించాలి? ఇద్దరికో ముగ్గురికో, మొత్తం వాట్సాప్ గ్రూపుకి కాదు. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అంటారు, అంతకుమించి రాదు. "ఎక్కడ ఆపి ఫోను చూసుకున్నావ్? చివర్లో ఏం జరిగిందనుకున్నావ్?" అని అడుగు. వాళ్ళు చెప్పాక ఒకరోజు దాకా జవాబివ్వకు, కథని సమర్థించుకోకు. ఇద్దరు ఒకే చోట తట్టుకున్నారంటే లోపం అక్కడ ఉంది. వాళ్ళు సూచించిన మందు మాత్రం తప్పు కావచ్చు, చాలాసార్లు తప్పే.

ఓపిక పేరుతో కథని దాచుకునేవాళ్ళూ ఉన్నారు, అదీ చెప్పాలి. నిన్న మార్చిన మాటని ఇవాళ మళ్ళీ పాత మాటకి మారుస్తున్నావంటే పని అయిపోయింది, మిగిలింది భయం. ఆ రోజే పంపెయ్.

పంపేముందు నిబంధనలు పూర్తిగా చదువు. మాటల పరిమితి ఎంత, యూనికోడ్‌లో కావాలా వేరే ఫాంటులోనా, హామీపత్రం అడిగారా. చాలా పత్రికలు ఇంతకుముందు ఎక్కడా రాలేదని హామీ అడుగుతాయి. సొంత ఫేస్‌బుక్ పేజీలో పెట్టినా ప్రచురించినట్టే లెక్కవేసే చోట్లున్నాయి. నీ కథ ఎందుకు తిరిగొచ్చిందో నాకు తెలియదు, కానీ ఆ రాత్రి పోస్టు చెయ్యడంతో కొన్ని తలుపులు నువ్వే మూసుకున్నావు. పోటీలకైతే గడువు రోజు కాకుండా మూడు రోజుల ముందు పంపు. చివరి గంటలో పంపినవాటిలోనే తప్పు ఫైలు జతచెయ్యడం, పేరు రాయకూడని చోట రాయడం జరుగుతాయి.

ఒక పట్టిక పెట్టుకో: కథ పేరు, ఎక్కడికి, పంపిన తేదీ, జవాబు. ఒక కథని ఒకేసారి రెండుచోట్లకి పంపకు. వాళ్ళు చెప్పిన గడువు దాటాక రెండు వాక్యాల మర్యాదైన ఉత్తరం రాయి. ఇంకో రెండు వారాలకీ జవాబు లేకపోతే, కథని వెనక్కి తీసుకుంటున్నానని తెలియజేసి వేరే చోటికి పంపు. ఈలోగా రోజుకి పదిసార్లు మెయిలు తెరవకుండా ఉండాలంటే దారి ఒకటే, రెండో కథ చిత్తుప్రతి నడుస్తూ ఉండాలి. తిరిగొచ్చిన కథని వెంటనే దిద్దకు. వారం పక్కన పెట్టి చదువు. లోపం కనబడితే సరిచెయ్యి, కనబడకపోతే ఉన్నది ఉన్నట్టు మరో పత్రికకి పంపు. ఒక సంపాదకుడికి నచ్చకపోవడానికి ఆ నెల అలాంటి కథ ఇంకోటి చేతిలో ఉండటం కూడా కారణం కావచ్చు.

ఈ కథని మాత్రం రెండు వారాలు తియ్యకు. తీసినప్పుడు మొదటి నాలుగు వందల మాటలూ పక్కన పెట్టి, కొడుకు గేటు దగ్గర నిలబడిన చోటినుంచి మొదలుపెట్టి చూడు. ముగింపులు ఐదూ రాశాక పంపించు, మూడోదాన్నుంచి చదువుతాను.

ఆశీస్సులతో