ఎముక ఆపరేషన్‌లో లోపలే కరిగిపోయే నొప్పి మందు పెడతారట, అది అంత అవసరమా?

అవసరమా అని అడిగారంటే మీ ఇంట్లో ఇంకా ఎవరికీ మోకాలి చిప్ప మార్చలేదన్నమాట.

మా అమ్మకి రెండేళ్ల కిందట కుడి మోకాలు మార్చారు. నడుముకి మత్తు, కీలు చుట్టూ బూపివకైన్ అనే తిమ్మిరి మందు. సాయంత్రం ఇడ్లీ తింటూ "ఇంతేనా, దీనికా నేను మూడేళ్లు భయపడింది!" అంది. ఆపరేషన్‌కని తీసిన గాజులు కూడా మళ్లీ తొడిగించుకుంది.

రాత్రి మత్తు దిగింది. అరవలేదు. మంచం కడ్డీ పట్టుకుంది. ఆ గాజులు కడ్డీకి తగిలి టకటకమంటుంటే నాకు మెలకువ వచ్చింది. నర్సమ్మని పిలిస్తే "ఇంజెక్షన్ ఆరింటికి రాశారు, అప్పటిదాకా ఓర్చుకోవాలమ్మా" అంది. పాపం, ఆ పిల్ల తప్పేముంది, కాగితంలో అలాగే ఉంది. తెల్లారాక ఫిజియో వస్తే అమ్మ కాలు ముట్టుకోనివ్వలేదు. మోకాలు వంచకపోతే అంత ఖర్చూ దండగే కదా!

ఈ కరిగే మందులు ఆ రెండు మూడు రాత్రుల కోసమే. మందు పాతదే. కరిగే జిగురులో కలిపి, కుట్లు వేసేముందు లోపల పూస్తారు. జిగురు విడిపోయేకొద్దీ మందు కొంచెం కొంచెం బయటికొస్తుంది. అమెరికాలో 2021లో అనుమతి వచ్చిన జిన్‌రెలెఫ్ అలాంటిదే: బూపివకైన్, వాపు తగ్గించే మెలాక్సికామ్ కలిపి 72 గంటల దాకా. మోకాలి మార్పిడికీ వాడతారు. మాత్రలు బొత్తిగా మానేయొచ్చని కాదు, తగ్గుతాయి.

లోపల ప్లాస్టిక్ ఉండిపోతుందేమోనని కొందరి భయం. ఈ పనికి బాగా ప్రయత్నిస్తున్న పీఎల్‌జీఏ అనే కరిగే ప్లాస్టిక్, కరిగే కుట్ల దారం ఒక జాతివే. చివరికి లాక్టిక్ ఆమ్లం, గ్లైకోలిక్ ఆమ్లంగా విడిపోతాయి. దారానికి లేని భయం దీనికెందుకో!

ఇక మన చుట్టాలు. యాపిల్ పళ్ల సంచితో వచ్చిన మా మావయ్య "మా రోజుల్లో పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకొచ్చేవాళ్లం, మత్తూ లేదు, మందూ లేదు" అని గంటసేపు చెప్పాడు. ఆయనకి చేతివేలు కూడా విరిగిన పాపాన పోలేదు. మన దగ్గర నొప్పి తగ్గించమని అడిగితే సుకుమారం కింద లెక్క. డాక్టర్లూ అంతే, ప్లేటు ఏ కంపెనీదో పావుగంట చెబుతారు, రాత్రికి ఏమిస్తారో చెప్పరు.

అమ్మ ఎడమ మోకాలూ అరిగిపోయింది. "ఆ రాత్రి సంగతి డాక్టరు ముందే కాగితం మీద రాసిస్తే వస్తా" అని కూర్చుంది.