ట్రినిడాడ్ వెళ్తున్న స్వాతికి

అమ్మా స్వాతీ,

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. పది రోజులు, పదిహేడు చోట్లు, ఒక్కో చోట గంటన్నర. పాటల కోసమే ఈ కరీబియన్ దీవికి, ట్రినిడాడ్‌కి వెళ్తున్నామన్నావు కదా, మరి ఆ కాగితంలో రాత్రి ఎనిమిది తర్వాత ఏమీ రాయలేదేం తల్లీ? అక్కడ పాట మొదలయ్యేదే అప్పుడు. పాయింట్ లీసాస్‌లో అమ్మోనియా ప్లాంటులో నాలుగేళ్ళు పనిచేశాను, ఆ దీవిలో నేను కారు తిప్పని రోడ్లు తక్కువ. అందుకే చెబుతున్నాను, పగటి జాబితాలో సగం కొట్టెయ్యి.

దీవి చిన్నదే. ఉత్తరం నుంచి దక్షిణానికి ఎనభై కిలోమీటర్లు. ట్రాఫిక్ లేకపోతే పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి శాన్ ఫెర్నాండోకి హైవే మీద గంట. రోజుకో హోటల్ మారే పని పెట్టుకోకండి. నాలుగు రాత్రులు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో, మిగతావి మధ్యలో షగ్వానస్ దగ్గర ఉండండి. వీలైతే ఇంకో నాలుగు రోజులు సెలవు అడిగి, క్రిస్మస్ ముందురోజుకి దిగి జనవరి 7 దాకా ఉండండి. ఎందుకంటే ఆ రెండు వారాల్లో ఊరి పాటే మారిపోతుంది. క్రిస్మస్ దాకా రేడియోలో పరాంగ్, అది దాటగానే కార్నివాల్ అనే వీధి పండగ కోసం వచ్చిన కొత్త సోకా పాటలు, అంటే అక్కడి హుషారైన డాన్సు పాటలు. కారులో మన పాటలు పెట్టకండమ్మా. అవి ఇంటి దగ్గర ఎప్పుడూ ఉండేవే. అక్కడి ఎఫ్ఎం పెట్టండి.

పరాంగ్ అంటే మన ధనుర్మాసంలో హరిదాసు ఇల్లిల్లూ తిరిగినట్టే, క్రిస్మస్ రోజుల్లో బృందంగా గుమ్మం గుమ్మానికీ వెళ్ళి పాడే పాటలు. వెనిజువెలా వైపు నుంచి వచ్చినవి, స్పానిష్‌లో ఉంటాయి. పాడేవాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషే, అయినా పాత పాటలు నోటికి వస్తాయి. నేను వెళ్ళిన మొదటి డిసెంబరులో చీకటి పడ్డాక లోపినో లోయకి బయల్దేరాను. సన్నటి ఘాట్ రోడ్డు, మలుపులో గుంట, టైరు పోయింది. డిక్కీలో ఉన్న స్పేర్ టైరులో గాలి లేదు. ముందు చూసుకోకపోవడం నా తప్పే. పక్కింటి వరండాలో నలుగురు కూర్చుని క్వాట్రోలు శ్రుతి చేసుకుంటున్నారు, అది నాలుగు తీగల చిన్న గిటారు. ఒకాయన పంపు తెచ్చి గాలి కొట్టిపెట్టాడు. ఇంకొకావిడ ప్లేటులో పాస్టెల్స్ పెట్టి, తిని వెళ్ళమంది. రాత్రి ఒంటిగంట దాకా ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. మీరు మాత్రం వెలుతురు ఉండగానే లోపినో చేరండి, కారు తీసుకునేటప్పుడే స్పేర్ టైరు నొక్కి చూడండి. పరామిన్ కూడా పరాంగ్ ఊరే కానీ ఆ ఎత్తుకి అద్దె కారు ఎక్కించొద్దు. మారవాల్ నుంచి పైకి జీపులు వెళ్తుంటాయి, అందులో వెళ్ళండి.

జనవరి మొదట్లో పాన్‌యార్డులకి వెళ్ళండి. అంటే స్టీల్‌పాన్ బృందాలు సాధన చేసే ఆవరణలు. కార్నివాల్ ఫిబ్రవరిలో పడిన ఏడాది అప్పటికే సాధన మొదలవుతుంది. టికెట్టు అక్కర్లేదు, వెళ్ళి ఓ పక్కన నిలబడొచ్చు. నూనె పీపా అడుగును సుత్తితో గిన్నెలా లోపలికి కొట్టి, అందులో ఒక్కో స్వరానికి ఒక్కో చోటు తీస్తారు. రబ్బరు చుట్టిన చిన్న పుల్లలతో వాయిస్తారు. బేస్ వాయించేవాడి చుట్టూ ఆరు, తొమ్మిది నిండు పీపాలు ఉంటాయి, వాటి మధ్య గిరగిరా తిరుగుతూ వాయిస్తాడు. ఈ బృందాల మధ్య పనోరమా అనే పోటీ 1963 నుంచి జరుగుతోంది, పెద్ద బృందాల్లో వందమందికి పైనే ఉంటారు. కానీ నాకు పోటీకన్నా సాధనే ఇష్టం. ఒకే ముక్కను ఒక వరసవాళ్ళతో ఇరవైసార్లు వాయిస్తారు. విసుగొచ్చి లేచిపోకండి. తర్వాత అన్ని వరసలూ కలిసి అదే ముక్క ఎత్తుకున్నప్పుడు కాళ్ళకింద నేల అదురుతుంది. వుడ్‌బ్రూక్‌లో ఫేజ్ టూ యార్డు దగ్గర అలా నిలబడి నేను కళ్ళు తుడుచుకున్నాను.

ఇక షగ్వానస్, కూవా వైపు. అది మనవాళ్ళ సీమ. 1845 మే 30న మొదటి ఓడ వచ్చింది, 1917 దాకా చెరుకు తోటల పనికి లక్షా నలభై వేలమందికి పైగా వచ్చారు. ఎక్కువమంది కలకత్తా నుంచి, కొంతమంది మద్రాసు రేవు నుంచి. అక్కడ ఆదివారం పెళ్ళి అంటే శుక్రవారం రాత్రే మటికోర్ మొదలవుతుంది. ఆడవాళ్ళు పాడుతూ ఆడే ఆ పాటల్లోంచే ఇప్పటి చట్నీ సంగీతం పుట్టింది. చట్నీ గాయకుడు సుందర్ పోపో పాటలు వింటూ వెళ్ళండి. పెళ్ళిలో తాసా అనే డోళ్ళ మేళం వాయించే కుర్రాళ్ళు ముందు నేలమీద మంట వేసి, మేకతోలు బిగిసేదాకా డోళ్ళు కాచుకుంటారు. వేలితో కొట్టి చూసి, మళ్ళీ సెగకి పెడతారు. అచ్చం మన డప్పు కాచుకున్నట్టే. మీ తాతగారి ఊళ్ళో జాతరరాత్రి వచ్చే కాలిన తోలు వాసన అక్కడ తగిలేసరికి నాకు నోట మాట రాలేదు. పెళ్ళికి ఎవరైనా పిలిస్తే మొహమాటపడకండి, అరిటాకు లాంటి పెద్ద ఆకులో భోజనం పెడతారు, చేత్తోనే తినాలి.

దగ్గర్లోనే కారపిచైమాలో గణపతి సచ్చిదానంద స్వామివారి దత్త క్షేత్రం ఉంది, అక్కడ ఆంజనేయుడి విగ్రహం 85 అడుగులు. మీ అమ్మకి ఫొటో పంపు. అక్కడి నుంచి వాటర్‌లూ వెళ్ళి సముద్రంలో గుడి చూడండి. తీరంలో కట్టుకున్న గుడిని కూల్చేస్తే, శివదాస్ సాధు అనే తోట కూలీ సైకిల్ మీద రాళ్ళూ మట్టీ మోసి నీళ్ళలోనే కట్టుకున్న చోటు అది. సాయంత్రం వెళ్ళండి.

డ్రైవింగ్ సంగతి. అక్కడ మనదేశంలోలాగే ఎడమవైపు. మీ ఇద్దరూ అమెరికాలో నేర్చుకున్నవాళ్ళు కాబట్టి మొదటిరోజు హైవే ఎక్కకండి. మారకస్ బీచి రోడ్డు అందంగా ఉంటుంది, అది పగలే. ఒకరు తాగితే ఇంకొకరు తాగకూడదు, ఇద్దరికీ తాగాలనుంటే టాక్సీ పిలవండి. నేరాల గొడవ కూడా ఉంది, 2024 డిసెంబరు 30న అక్కడ ఎమర్జెన్సీ కూడా పెట్టారు. టికెట్లు కొనేముందు మీ ప్రభుత్వ సూచనలు చదవండి. ఊరివాళ్ళు తోడు లేకుండా లావెంటిల్ కొండల వైపు రాత్రి వెళ్ళొద్దు.

పొద్దున్నే రోడ్డుపక్కన డబుల్స్ తినండి. బారాలనే రెండు మెత్తటి వేయించిన రొట్టెల మధ్య శనగల కూర, నువ్వు నిశ్చింతగా తినొచ్చు, శాకాహారమే. కారం ఎంతని అడిగితే 'స్లైట్' అను. మన గుంటూరు కారం అలవాటుందని ధైర్యం చెయ్యకు, వాళ్ళ మిరపకాయ వేరు.

తేదీలు ఖాయం కాగానే రాయి. కూవాలో తాసా వాయించే నా పాత సహోద్యోగి నంబరు ఇస్తాను, ఆ వారం ఎక్కడ పెళ్ళి ఉందో ఆయనకి తెలుస్తుంది.

ప్రేమతో,
మావయ్య