రిబ్బన్ లెక్కలకు కూర్చునే ముందు అంచు చూడు

తమ్ముడూ,

గ్రాఫీన్ నానోరిబ్బన్ల (ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర తాలూకు సన్నని పట్టీల) మీద పని మొదలుపెడుతున్నానని రాశావు, చాలా సంతోషం. కాకపోతే వెంటనే డీఎఫ్‌టీ (ఎలక్ట్రాన్ల సాంద్రత నుంచి పదార్థం గుణాలు లెక్కకట్టే పద్ధతి) ప్రోగ్రామ్ తెరిచి కూర్చోకు. ముందు కాగితం మీద తేనెపట్టు గడులు గీసి, ఒకసారి జిగ్‌జాగ్ (రంపపు పళ్లలాంటి) అంచు, ఇంకోసారి ఆర్మ్‌చెయిర్ (చేతుల కుర్చీ ఆకారపు) అంచు వచ్చేలా కత్తిరించి చూడు. రిబ్బన్ గుణం చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఆర్మ్‌చెయిర్‌లో అడ్డంగా ఎన్ని కార్బన్ వరసలున్నాయో జాగ్రత్తగా లెక్కపెట్టు, ఒక్క వరస తేడా వస్తే అంతా మారిపోతుంది. ఆ సంఖ్యను మూడుతో భాగిస్తే శేషం 2 వచ్చేవాటికి మామూలు టైట్ బైండింగ్ (ఎలక్ట్రాన్లు పక్క పరమాణువులకు మాత్రమే దూకుతాయనుకునే సులువైన లెక్క) గ్యాప్ (ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తుల మేర) సున్నా అంటుంది కానీ, అంచున బంధాలు కాస్త కుంచించుకుపోతాయి కాబట్టి వాటికీ చిన్న గ్యాప్ ఉంటుందని సాన్, కోహెన్, లూయీ 2006లో చూపించారు.

నువ్వు ఎక్కువ టైమ్ పెట్టాల్సింది జిగ్‌జాగ్ మీద. అక్కడ ఫెర్మీ లెవెల్ (ఎలక్ట్రాన్లు నిండే శక్తుల పై హద్దు) దగ్గర బ్యాండ్ (ఎలక్ట్రాన్ల శక్తిని చూపే గీత) బల్లపరుపుగా ఉంటుంది, ఆ ఎలక్ట్రాన్లు అంచునే అంటిపెట్టుకుని ఉంటాయి. ఫుజితా బృందం ఈ సంగతి 1996లోనే చెప్పింది. ఒకే శక్తి దగ్గర అన్ని ఎలక్ట్రాన్లు గుమిగూడితే వాటి మధ్య వికర్షణ ఊరుకోదు కదా, ఒక అంచు పొడవునా స్పిన్లన్నీ (ఒక్కో ఎలక్ట్రాన్‌కు ఉండే చిన్న అయస్కాంతాలు) ఒకవైపు, అవతలి అంచున దానికి ఎదురుగా తిరుగుతాయి.

నేను మొదట్లో స్పిన్ లేకుండా రన్ చేసి, మెటల్ అని వస్తే నమ్మేశాను. తర్వాత స్పిన్ పెట్టి చేశాను, మొత్తం మ్యాగ్నెటైజేషన్ సున్నా వచ్చింది, ఇందులో అయస్కాంతత్వం లేదని నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా! చాలా రోజులకు ఒక్కో పరమాణువు మొమెంట్ (అయస్కాంత బలం) విడిగా తెరిచి చూస్తే, ఈ అంచున ప్లస్, ఆ అంచున మైనస్, మధ్యకు వెళ్లేకొద్దీ తగ్గిపోతూ కనిపించాయి, కలిపితే సున్నా. గ్యాప్ కూడా తెరుచుకునే ఉంది. అందుకే మొత్తం అంకె ఒక్కటే చూసి ఆగిపోకు. ప్రారంభ మొమెంట్లు నువ్వే ఇవ్వు, రెండంచులూ ఒకే దిశలో ఒకసారి, ఎదురెదురుగా ఒకసారి. ఆ రెండింటి శక్తి తేడా చాలా చిన్నది, కే-పాయింట్లు (ఎలక్ట్రాన్ తరంగాలను లెక్కకట్టడానికి ఎంచుకునే బిందువులు) తక్కువైతే లెక్కలోని పొరపాటులోనే కొట్టుకుపోతుంది. అంచులకు హైడ్రోజన్ తగిలించడం, చుట్టూ కనీసం 15 ఆంగ్‌స్ట్రామ్‌ల ఖాళీ వదలడం మర్చిపోవద్దు.

ఇంకొకటి, డీఎఫ్‌టీ గ్యాప్‌ను తీసుకెళ్లి ప్రయోగంలో వచ్చిన గ్యాప్ పక్కన నేరుగా పెట్టకు. మామూలు ఫంక్షనల్స్ (డీఎఫ్‌టీలో వాడే ఉజ్జాయింపు సూత్రాలు) గ్యాప్‌ను తక్కువ చూపిస్తాయి, ఇటు ప్రయోగంలోనేమో కింద ఉన్న బంగారం స్క్రీనింగ్ చేసి (ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణను బలహీనపరిచి) అసలు గ్యాప్‌ను తగ్గిస్తుంది.

మొదటి ప్రయత్నానికి ఆరు జిగ్‌జాగ్ గొలుసుల వెడల్పున్న రిబ్బన్ తీసుకో, 2016లో ప్రయోగశాలలో తయారుచేసిన జిగ్‌జాగ్ రిబ్బన్ అదే. రెండు స్పిన్ అమరికల శక్తులూ, పరమాణువుల వారీ మొమెంట్లూ నాకు పంపు, కలిసి చూద్దాం.