గేరు బండి ఎక్కబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

కొత్త స్ప్లెండర్ ఇంటికొచ్చిందనీ, సోమవారం నుంచి కోవూరులో బయల్దేరి విడవలూరు, అల్లూరు రొయ్యల గుంటల వైపు దాని మీదే తిరగాలనీ మీ అమ్మ చెప్పింది. ఇన్నాళ్లూ స్కూటీ తోలిన చేతికి గేర్ల బండి కొత్త. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నా. దీన్ని మంచం మీద కూర్చుని చదవొద్దు అబ్బయా. బండి పక్కన నిలబడి, చెప్పిన చోటల్లా చెయ్యి వేసి చూస్తా చదువు.

ముందు ఎడమ చేతి సంగతి. స్కూటీలో ఎడమ లివరు వెనక బ్రేకు. ఇందులో అది క్లచ్. గేదె అడ్డమొచ్చిందని పాత అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి బిగించావంటే ఇంజనుకీ చక్రానికీ సంబంధం తెగిపోయి బండి ఇంకా వదులుగా దొర్లుతుంది. వెనక బ్రేకు కుడికాలి కింద ఉంది, ముందు బ్రేకు కుడిచేతిలో ఉంది. ఈ మార్పు బుర్రకి నిమిషంలో ఎక్కుతుంది, చేతికి ఎక్కడానికి వారం పడుతుంది. ఆ వారం రోజులూ ఇంజను ఆపేసి, సెంటర్ స్టాండు వేసి, బండెక్కి కళ్లు మూసుకో. "ఆపు" అని నీకు నువ్వే చెప్పుకుని కుడిచెయ్యి, కుడికాలు కలిపి నొక్కు. పది నిమిషాలు చాలు. చూడకుండా హారను, ఇండికేటరు, డిమ్ము స్విచ్చి కూడా బొటనవేలికి దొరకాలి. వెతుక్కునే ఆ ఒక్క క్షణంలో బండి ఎంత దూరం పోతుందో ఆలోచించు.

స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ ఎడమకాలి దగ్గరున్న గేరు పెడళ్లలో ముందుదాన్ని కిందికి తొక్కితేనే పడతాయి. తగ్గించాలంటే మడమతో వెనక పెడల్ తొక్కాలి. పల్సర్ లాంటి బండ్లలో ఫస్టు గేరు మాత్రం కిందికి, మిగతావన్నీ పాదంతో పైకి ఎత్తాలి. స్నేహితుడి బండి అడిగి తీసుకున్నప్పుడు ఇక్కడే మోసపోతారు. మూడో గేరులో స్పీడుగా పోతా నాలుగు వేద్దామని కిందికి తొక్కితే అందులో రెండు పడుతుంది, ఇంజను అరిచి వెనక చక్రం పట్టేస్తుంది. వేరే బండి ఎక్కే ముందు గేర్లు ఎటు పడతాయో అడగడం నామోషీ కాదు.

కీ తిప్పాక వెంటనే సెల్ఫ్ నొక్కొద్దు. ఇప్పుడొచ్చే బండ్లు ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి. మీటరులో ఇంజను గుర్తు లైటు వెలిగి ఆరేదాకా రెండు మూడు క్షణాలు ఆగు. పచ్చ న్యూట్రల్ లైటు చూసుకుని, అయినా క్లచ్ పట్టే స్టార్ట్ చెయ్యి. కదిలేటప్పుడు క్లచ్ పూర్తిగా పట్టి ఫస్టు వేసి, లివరు మెల్లగా వదులు. ఒక చోట ఇంజను శబ్దం కాస్త బరువెక్కి బండి ముందుకి లాగినట్టు అవుతుంది. అక్కడ చెయ్యి ఆపి, ఎక్స్‌లేటర్ కొంచెం ఇచ్చి, బండి కదిలాక మిగతాది వదిలెయ్యి. ఆ చోటు తెలియకుండా వదిలేస్తే జెర్కు కొట్టి ఆగిపోతుంది. దానికి భయపడి రోడ్డంతా హాఫ్ క్లచ్‌లో, అంటే లివరు సగం పట్టుకునే పోతే క్లచ్ ప్లేట్లు కాలి మాడు వాసన వస్తుంది. నాలుగో గేరులో ఇరవై స్పీడుకి పడిపోయి ఇంజను దడదడలాడుతుంటే మడమతో గేరు తగ్గించు, ఎక్స్‌లేటర్ మెలితిప్పి ఈడ్చొద్దు.

ఇక ముందు బ్రేకు. మన ఊళ్లల్లో అందరూ చెప్పే మాట, "ముందు బ్రేకు పట్టొద్దురా, పల్టీ కొడతావ్" అని. ఇంతకంటే ప్రమాదమైన సలహా ఇంకోటి లేదు. బ్రేకు వేసినప్పుడు బండి బరువూ మనిషి బరువూ ముందు చక్రం మీదికి వస్తాయి. అప్పుడు రోడ్డుని గట్టిగా పట్టుకునేది ముందు టైరే. వెనక టైరు తేలికైపోతుంది, దాన్నే నమ్ముకుని కాలితో గట్టిగా తొక్కితే చక్రం తిరగడం ఆగిపోయి పక్కకి ఈడుస్తుంది. నీ బండిలో వెనక బ్రేకు పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడే ఏర్పాటు ఉంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా బండ్లకి అది తప్పనిసరి చేశారు. అయితే అది సాయం మాత్రమే, కుడిచేతి పని దాంతో తీరదు. పల్టీ కొట్టేది బ్రేకుని ఒక్కసారిగా గుంజినవాడు. నిమ్మకాయ పిండినట్టు, మొదట మెత్తగా, తర్వాత గట్టిగా నొక్కుకుంటూ పోవాలి. ఎక్స్‌లేటర్ వదిలి, రెండు బ్రేకులూ కలిపి నొక్కి, బండి దాదాపు ఆగేటప్పుడు మాత్రమే క్లచ్ పట్టు. ముందే పడితే ఇంజను ఇచ్చే పట్టు పోతుంది.

ముందు బ్రేకుని తేలిగ్గా వాడాల్సిన చోట్లూ ఉన్నాయి, అవి నీ దారిలోనే ఎక్కువ. కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, రొయ్యల లారీల నుంచి కారిన ఐసు నీళ్లు, వానకి జిగటెక్కిన గుంట గట్టు. వాటి మీద హ్యాండిల్ నిటారుగా పెట్టి, స్పీడు ముందే తగ్గించుకుని, బ్రేకు ముట్టుకోకుండా దాటిపో. ఒంగోలు పక్క చీమకుర్తి పోతే గ్రానైటు లారీల దుమ్ము తడిసిన రోడ్డు మీదా ఇదే పద్ధతి. మలుపులో బ్రేకు వెయ్యడం కాదు, మలుపుకి ముందే వేసి వదిలెయ్యాలి.

ఇప్పుడు పొద్దున చూసుకోవాల్సినవి. ఇవన్నీ కలిపి ఐదు నిమిషాలు పట్టవు.

టైర్లతో మొదలుపెట్టు. ముందు టైరుకి 25 పీఎస్‌ఐ, వెనక టైరుకి ఒక్కడివే అయితే 28 గాలి. బండి నడవక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. మే నెలలో హైవే మీద పోయి వచ్చి కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. గాలి తగ్గిన టైరు నలిగి వేడెక్కి పక్కలు పగులుతుంది, హ్యాండిల్ బరువెక్కుతుంది. టైరు చుట్టూ ఒకసారి అరచెయ్యి తిప్పు, మేకులుంటాయి గనక మెల్లగా. టైరు పక్కన చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. దానికి నేరుగా గాడిలో చిన్న దిమ్మె కనిపిస్తుంది, పైభాగం అరిగి ఆ దిమ్మెతో సమానమైతే టైరు అయిపోయినట్టే.

చైను మీద నాకు పట్టుదల ఎక్కువ. సముద్రం గాలికి, గుంటల ఉప్పునీటికి నీ బండి చైను సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లో బండికంటే తొందరగా తుప్పు పడుతుంది. సెంటర్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో పెట్టి, కింది వైపు చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించు. మొత్తం ఆట రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది, నీ బండి పుస్తకంలో కచ్చితమైన కొలత చూసుకో. ఒక్క చోట చూసి ఊరుకోవద్దు. చక్రం తిప్పుతా నాలుగైదు చోట్ల చూడు. చైను అన్ని చోట్లా ఒకేలా సాగదు, బాగా బిగుతుగా ఉన్న చోటునే లెక్కలోకి తీసుకోవాలి. లూజు చోటు చూసి బిగిస్తే బిగుతు చోటు వచ్చినప్పుడల్లా బేరింగుని పీకుతుంది. నీ బండికి చైను కేసు ఉంది గనక కింద ఉన్న రబ్బరు మూత తీసి చూడాలి. బిగించేటప్పుడు ఇరుసుకి రెండు వైపులా ఉన్న గీతలు సమానంగా ఉండాలి, లేదంటే చక్రం వంకరగా నడుస్తుంది. చాలామంది మర్చిపోయేది ఇంకోటుంది. చైను బిగిస్తే చక్రం వెనక్కి జరుగుతుంది, దాంతో వెనక బ్రేకు రాడ్డు కూడా బిగుసుకుంటుంది. చక్రం చేత్తో తిప్పి, పట్టేస్తుంటే బ్రేకు నట్టు వదులు చెయ్యి. లేకపోతే బ్రేకు రాసుకుంటూనే పోయి డ్రమ్ము కాలిపోతుంది, మైలేజీ తగ్గిందని పెట్రోలు బంకుని తిడతావు.

క్లచ్ లివరు కొస దగ్గర సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల దాకా వదులు ఉండాలి. అసలు వదులు లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టుకోదు, ఇంజను అరుస్తుంది గానీ బండి లాగదు. లివరు దగ్గర కేబులు చివర చూడు. సన్న తీగలు మెలేసి ఉంటాయి. వాటిలో ఒక్కటి తెగి ముల్లులా పైకి లేచి, వేలికి గుచ్చుకుందంటే మిగతావి తెగడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఆ రోజే మార్పించు, కేబులు ఖర్చు పెద్దదేం కాదు. ఎక్స్‌లేటర్ తిప్పి వదిలితే దానంతటదే టక్కున వెనక్కి రావాలి. ఇంజను ఆన్‌లో ఉండగా హ్యాండిల్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పినప్పుడు రేజింగ్ పెరిగితే కేబులు ఎక్కడో లాగుతున్నట్టు, ఆ బండి తియ్యొద్దు.

డ్రమ్ము బ్రేకు అరుగుదల చూడటానికి చక్రం విప్పక్కర్లేదు. బ్రేకు నొక్కి పట్టుకుంటే డ్రమ్ము దగ్గర ఆర్ము మీది బాణం గుర్తు కదులుతుంది, అది ప్లేటు మీది గుర్తుకి చేరిందంటే లోపలి బ్రేకు షూస్ మార్చాలి. వానాకాలం నీళ్లలోంచి బయటపడ్డాక బ్రేకు కాసేపు పట్టదు. వెనక ఎవరూ రాకుండా చూసుకుని, మెల్లగా పోతా బ్రేకు తేలిగ్గా నొక్కి ఉంచితే ఆ వేడికి ఆరుతుంది.

ఇంజనాయిలు వారానికోసారి. సమంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండు వేసి, రెండు మూడు నిమిషాలు ఆన్ చేసి ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలాగి ఆయిలు మూతకి ఉన్న కొలత పుల్ల తీసి తుడిచి, మరలు తిప్పకుండా ఊరకే దించి చూడు. సైడు స్టాండు మీద చూస్తే తప్పు లెక్క వస్తుంది. బ్రేకు లైటు చేత్తో నొక్కితే ఒకసారి, కాలితో నొక్కితే ఒకసారి వెలగాలి, రాత్రి గోడ దగ్గర పెడితే ఎరుపు కనిపిస్తుంది. అద్దాలు, సైడు స్టాండు, హెల్మెట్ బకిల్ నీకు తెలిసినవే. లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితాలు ఫోన్లో కూడా పెట్టుకో.

అమ్మని ఎక్కించుకుని ఒంగోలు వెళ్లే రోజు ముందుగా వెనక టైరుకి 41 పట్టించు, తిరిగొచ్చి ఒక్కడివే తోలేటప్పుడు మర్నాడు పొద్దున 28కి దించుకో. అమ్మకీ హెల్మెట్ పెట్టించు. పైటకొంగు నడుముకి దోపుకునేదాకా, రెండు కాళ్లూ ఫుట్‌రెస్టు మీద పెట్టిందని నోటితో చెప్పేదాకా క్లచ్ వదలొద్దు.

మీ మామయ్య