ఎన్నడూ ఘాటీ ఎక్కనివారు 100 సీసీ బండి మీద గుడిస కొండకు వెళ్లవచ్చునా?

మీరు అడిగినది ఇది: అమలాపురం ప్రాంతంలో పుట్టిపెరిగిన మీరు ఇంతవరకు కొండదారిలో బండి నడపలేదు. ఈ శీతకాలంలో మీ శ్రీమతిని వెనక కూర్చోబెట్టుకొని, 100 సీసీ బండి మీద మారేడుమిల్లి దాటి గుడిస కొండ మీదికి వెళ్లాలని అనుకుంటున్నారు. బండి లాగుతుందా, భయపడవలసినది ఏమైనా ఉందా అన్నది మీ సందేహం. నేను అంబాజీపేట దగ్గరి పల్లెవాడిని. అటువంటి బండి మీదనే, మీ మాదిరిగానే కొండ సంగతి ఏమీ తెలియకుండా, మా బావమరిదిని వెంటబెట్టుకొని మూడేళ్ల కిందట కార్తిక మాసంలో ఆ కొండ ఎక్కి వచ్చాను. బండి లాగుతుంది. ఇబ్బంది అంతా మనం డెల్టాలో బండి నడపడం నేర్చుకొన్న తీరులోనే ఉంది గనుక దానిని గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మన నేలకు బొత్తిగా వాలు లేదని అనలేము. అదే లేకపోతే 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర కట్టించిన ఆనకట్ట నుంచి కాలవల్లోకి వదిలిన నీరు సముద్రపు ఒడ్డు పల్లెల దాకా వచ్చేదే కాదు. అయితే ఆ వాలు నీటికి తెలుస్తుంది గాని బండికి తెలియదు. మనకు తెలిసిన ఎక్కుడు అంటే ఏటిగట్టు మీదికి ఎక్కే బాట, లేదా కాలవ మీది వంతెన. దానిని దూరం నుంచే ఊపు తీసుకొని మూడో గేరులోనే ఎక్కేస్తాము. దిగేటప్పుడు పెట్రోలు కలిసి వస్తుందని క్లచ్ పట్టుకొనో, న్యూట్రల్ చేసో బండిని జారవిడుస్తాము. పాతికేళ్లుగా నేను చేసినది ఇదే, మా నాన్నగారు నాకు నేర్పినది కూడా ఇదే. ఊపుతో ఎక్కడం, క్లచ్ పట్టి దిగడం అనే ఈ రెండు అలవాట్లూ ఆ కొండ మీద నన్ను చెరొకసారి భయపెట్టాయి.

దారి సంగతి త్వరగా చెప్పేస్తాను. అమలాపురం నుంచి రావులపాలెం వచ్చి, గౌతమి వంతెన దాటి, జొన్నాడ మీదుగా జాతీయ రహదారిపై రాజమహేంద్రవరం చేరడానికి 60 కిలోమీటర్లకు పైగా అవుతుంది. అక్కడి నుంచి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. గోకవరం దాటిన తర్వాత అడవి మొదలైనా రంపచోడవరం దాకా పెద్ద కష్టమేమీ ఉండదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసేదాకా ఆ ఏజెన్సీ అంతా మన తూర్పు గోదావరి జిల్లాలోదే. అయినా మా ఇంట్లో నాకంటే ముందు ఆ కొండలను చూసినవారు ఒక్కరూ లేరు. సాయంత్రానికి మారేడుమిల్లి చేరి, అందరిలాగే బొంగు చికెన్ తిని, అక్కడే పడుకొన్నాము. అక్కడి నుంచి గుడిస దాదాపు 40 కిలోమీటర్లు ఉంటుంది. కొండ కింద మబ్బులు పరుచుకొని ఉండగా చూడాలని చాలామంది తెల్లవారకముందే జీపుల్లో బయలుదేరుతారు. చీకట్లో తెలియని దారి వద్దనుకొని మేము వెలుగు వచ్చాకనే కదిలాము. ఆ యాత్రలో నేను చేసిన తెలివైన పని బహుశా అదొక్కటే.

మొదటి పాఠం మలుపుల దగ్గర దొరికింది. మనం రోడ్డుకు ఎడమవైపున నడుపుతాము గనుక, ఎక్కేటప్పుడు కుడివైపు తిరిగే మలుపులో మన బండి బయటి అంచున ఉంటుంది. అక్కడ తిప్పుకోవడానికి చోటు ఉంటుంది, ఎక్కుడు కూడా కొంత మెత్తగా ఉంటుంది. ఎడమవైపు తిరిగే హెయిర్‌పిన్ మలుపులో మాత్రం మనం లోపలి అంచున ఉంటాము. అదే ఎత్తును అతి తక్కువ దూరంలో ఎక్కవలసి రావడం వల్ల ఆ లోపలి మూల గోడలాగా నిటారుగా లేచి ఉంటుంది. నేను మొదటి ఎడమ మలుపును ఏటిగట్టు ఎక్కినట్టుగానే మూడో గేరులో, ఊపు మీద తీసుకొన్నాను. మలుపు సగంలోనే ఊపు చచ్చిపోయింది, ఇంజను దడదడ కొట్టుకొంది, కంగారుగా రెండు, ఒకటి అంటూ గేర్లు తొక్కేసరికి బండి ఆగినంత పనై మళ్లీ కదిలింది. బావమరిది నా చొక్కా గుప్పిట పట్టుకొన్నాడని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత మలుపు కనబడగానే, ఇంకా చదునుగా ఉన్నచోటనే గేరు తగ్గించి, హారను కొట్టి, ఎదుట ఎవరూ లేరని తేలితే లోపలి మూలకు అతుక్కోకుండా రోడ్డు నడిమి వైపుకు కొంచెం జరిగి తిప్పుకోవడం అలవాటు చేసుకొన్నాను. మలుపు మధ్యలో గేరు మార్చకూడదు. ఇది ఒక్కటి గుర్తుంచుకొంటే సగం గండం గడిచినట్టే.

అసలు గండం పైన ఉంది. నేను వెళ్లిన రోజుల్లో చివరి భాగంలో తారు అయిపోయి, రాళ్లూ మట్టీ కలిసిన బాట ఉండేది. మొదటి గేరులో, మనిషి నడిచే వేగంతో ఎక్కుతున్నాము. పై నుంచి మబ్బులు చూసి తిరిగి వస్తున్న జీపు ఒకటి మలుపులో ఎదురైంది. ఇరుకైన కొండదారిలో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది మన దేశపు రహదారి నిబంధనల్లో ఉన్నమాటే. కానీ పది మందితో, రాళ్ల మీద జారుతూ వస్తున్న జీపును చూసి నిబంధన ఎవరికి గుర్తుంటుంది? నేను పక్కకు తీసి ఆపాను, క్లచ్ పట్టడం ఆలస్యమై ఇంజను ఆగిపోయింది. ఆగిన వెంటనే బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది.

మన ఊళ్లో బండి కదిలితే చేయి తనంతట తానే ముందు బ్రేకు మీదికి పోతుంది. నేనూ అదే పట్టుకొన్నాను. ముందు చక్రం తిరగడం ఆగింది గాని బండి ఆగలేదు. తిరగని చక్రం కంకర మీద గీత గీసుకొంటూ వెనక్కి జారిపోతూనే ఉంది. కారణం తర్వాత అర్థమైంది. ఎత్తుకు ఎదురుగా నిలిచినప్పుడు బరువు అంతా వెనక చక్రం మీదికి పోయి ముందు చక్రం తేలికపడుతుంది, వెనక ఇంకొక మనిషి ఉంటే మరీను. తేలికైన చక్రాన్ని బిగబట్టినా నేలను పట్టుకోదు. అక్కడ పట్టి నిలిపేది కాలి బ్రేకు. కానీ నేను రెండు కాళ్లూ నేలకు ఆనించి ఉన్నాను, కుడికాలు తీసి బ్రేకు మీద పెడితే పడిపోతానేమోనని భయం. "బావా, దూకేయనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే మా వాడు దూకేశాడు. బరువు తగ్గడంతో ఒక క్షణం నెమ్మదించింది. అప్పుడు ఎడమకాలి మీద ఆనుకొని, కుడిపాదంతో వెనక బ్రేకును తొక్కి పట్టాను. బండి నిలిచింది. వెనక చక్రానికీ లోయ అంచుకూ మధ్య మిగిలిన జాగా ఎంతో తర్వాత మా వాడు చేయి చాపి చూపించాడు, మూరెడుకు కొంచెం ఎక్కువ.

నిలిచింది గాని, నేను కదలలేను. పాదం తీస్తే జారుతుంది, తీయకుండా బండి దిగలేను. జీపు డ్రైవరు తన బండి టైరు కింద రాయి పెట్టించి నడిచి వచ్చాడు. అక్కడివాడే, యాభై ఏళ్లు దాటిన మనిషి. నన్ను తిట్టలేదు. "బాబూ, ముందు ఊపిరి తీసుకోండి. ఇంజను అలాగే ఆగి ఉండనివ్వండి. ఫస్టు గేరులో వేసి క్లచ్చి మెల్లగా వదిలేయండి, బండి అదే నిలబడుద్ది," అన్నాడు. అలాగే చేశాను. ఆగిన ఇంజను వెనక చక్రాన్ని పట్టుకొంది. బండి ఒక బెత్తెడు వెనక్కి జరిగి, కొక్కెం తగిలించినట్టు ఆగింది. పాతికేళ్లు బండి నడిపిన నాకు ఈ చిన్న సంగతి తెలియదు. చదును నేల మీద దానితో అవసరమే రాలేదు మరి.

మళ్లీ బయలుదేరే పద్ధతి కూడా ఆయన చెప్పినదే రాస్తున్నాను. ఎడమకాలు నేల మీద, కుడికాలు వెనక బ్రేకు మీద ఉంచాలి. క్లచ్ పట్టి ఇంజను స్టార్టు చేసి, మొదటి గేరులోనే ఉంచి, మామూలుకంటే ఎక్కువగా ఎక్సలేటరు ఇచ్చి, క్లచ్‌ను కొద్దికొద్దిగా వదలాలి. ఇంజను గొంతు మారి బరువెక్కినట్టు వినిపించి, బండి ముందుకు పోవాలని తోస్తున్నట్టు అనిపించే చోటు ఒకటి వస్తుంది. అంతవరకు బ్రేకు వదలకూడదు. అది రాగానే బ్రేకు మీద పాదం తేలికచేస్తే బండి వెనక్కి అంగుళం కూడా పోకుండా కదులుతుంది. నాకు రెండుసార్లు ఆగిపోయింది, మూడోసారి కదిలింది, క్లచ్ కాలిన వాసన వచ్చింది. బావమరిది ఆ తర్వాతి మలుపు దాకా నడిచే వచ్చాడు, నేను కూడా ఎక్కమని అడగలేదు.

పైన ఏమి చూశామని అడగకండి. మేము చేరేసరికి మబ్బులు విడిపోయాయి, గడ్డి కొండలు మాత్రం ఎండలో పచ్చగా, ఒక్క చెట్టు అడ్డం లేకుండా, వరుసగా కనిపించాయి. నా దృష్టి అంతా దిగడం మీదనే ఉంది, ఆ బెంగలో కూడా న్యాయం ఉందని గంటలో రుజువైంది.

దిగేటప్పుడు ఇంజను ఆపలేదు గాని, పాత అలవాటు కొద్దీ తెలియకుండానే క్లచ్ పట్టుకొని, కాలి బ్రేకును ఆనించి ఉంచి దిగడం మొదలుపెట్టాను. తారు రోడ్డు మీదికి వచ్చిన కొంతసేపటికి బ్రేకు పెడలు మునుపటికంటే కిందికి పోతున్నట్టు, ఎంత తొక్కినా బండి అంతగా లొంగనట్టు అనిపించింది. కాలిన ఇనుము వాసన కూడా తగిలింది. మన చిన్న బండ్లకు వెనక ఉండేది సాధారణంగా డ్రమ్ బ్రేకు. ఎడతెగకుండా రాచుకొంటే డ్రమ్ము, లోపలి బ్రేకు షూలు వేడెక్కి, వాటి పట్టు సడలిపోతుంది. ఒక చదును చోట ఆపాము. బావమరిది సీసాలోని నీళ్లు పోద్దామన్నాడు. కాగిన ఇనుము మీద చన్నీళ్లు పడితే పగుళ్లు ఇస్తుందని వద్దన్నాను. పావుగంట ఊరికే కూర్చొన్నాక పట్టు తిరిగి వచ్చింది. ఏ గేరులో ఎక్కిన ఘాటీని ఆ గేరులోనే దిగాలని ఘాట్ డ్రైవర్లు అనే మాటకు అర్థం అప్పుడు తెలిసింది. రెండో గేరులో, నిటారు చోట్ల మొదటి గేరులో, క్లచ్ ముట్టుకోకుండా, ఎక్సలేటరు పూర్తిగా వదిలేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు అవసరమైనప్పుడు గట్టిగా, కొద్దిసేపు వేసి వదిలేయాలి. పెట్రోలు మిగల్చాలన్న మన డెల్టా లెక్కను ఆ దిగుడులో మాత్రం పక్కన పెట్టండి.

ఇక మీ బండి సంగతి. 2019 ఏప్రిల్ తర్వాతి 125 సీసీ లోపు బండి అయితే సాధారణంగా అందులో జంట బ్రేకుల ఏర్పాటు ఉంటుంది, కాలి బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. నాది అంతకు ముందుది. ఏదైనా సరే, బయలుదేరే ముందు మెకానిక్ చేత వెనక బ్రేకు షూలు విప్పించి చూడమనండి, అరిగి ఉంటే మార్పించండి. చైను బిగువు, క్లచ్ వైరు, టైరు గాట్లు కూడా ఆయనకే చూపించండి. పెట్రోలు రంపచోడవరంలోనే నింపుకోండి. వానాకాలంలోనూ, వాన పడిన మర్నాడూ ఆ మట్టి బాట జోలికి పోవద్దు. గుడిసకు అనుమతుల పద్ధతి మారుతూ ఉంటుంది గనుక మారేడుమిల్లిలో అటవీశాఖ వారిని ముందే అడగండి.

మీ శ్రీమతి విషయంలో నా సలహా స్పష్టంగా చెబుతాను, మీకు నచ్చకపోవచ్చు. మారేడుమిల్లి దాకా ఇద్దరూ బండి మీద రండి, ఆ దారి ఇద్దరితో హాయిగా సాగుతుంది. అక్కడి నుంచి ఆమె జీపులో రావాలి, మీరు కావాలంటే ఒంటరిగా బండి మీద రండి. మా వాడు కుర్రవాడు గనుక దూకేశాడు. చీరలో, ఒకవైపుకు కాళ్లు వేసుకొని కూర్చొన్న మనిషి అంత తేలికగా దూకలేదు, దూకినా అది లోయవైపు కావచ్చు.

ఆ లోపల చేయవలసిన పని ఒకటి ఉంది. మీ ఊరి దగ్గర ఉన్న కాలవ వంతెనల్లో అన్నిటికంటే నిటారుగా ఉన్నదాన్ని ఎంచుకొని, జనం తిరగని వేళ, తెల్లవారుజామున వెళ్లండి. ఎక్కుడు మధ్యలో బండి ఆపి, ఇంజను కట్టేసి, మొదటి గేరులో నిలబెట్టి చూడండి. తర్వాత వెనక బ్రేకు మీద పాదంతో స్టార్టు చేసి, వెనక్కి జారకుండా కదలడం నేర్చుకోండి. అటువైపు దిగేటప్పుడు క్లచ్ ముట్టకుండా రెండో గేరులో దిగండి. కుడిచేయి ముందు బ్రేకు కోసం తడుముకోకుండా వరుసగా పదిసార్లు కదలగలిగిన రోజున బయలుదేరండి.